కానుగ నూనె - మార్పు, కొలత

గోదావరి నదికి దక్షిణపు గట్టున, నేటి పెద్దపల్లి జిల్లాలో, రామగుండం, గోదావరిఖని పట్టణాలు ఉన్నాయి. ఈ నేల పేరు వినగానే ఎవరికైనా మొదట స్ఫురించేది బొగ్గు. ఇల్లందు సమీపంలో 1889లో ఆరంభమైన బొగ్గు తవ్వకం క్రమంగా గోదావరి లోయ వెంట విస్తరించింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. రామగుండంలో విద్యుత్ కేంద్రాలు వెలసినవి ఆ బొగ్గు ఆధారంగానే. 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారం బొగ్గునే ముడిసరుకుగా గ్రహించి యూరియాగా మార్చింది. 1999లో అది మూతపడింది. అదే ఆవరణలో 2021 నుంచి నూతన కర్మాగారం సహజవాయువుతో యూరియాను ఉత్పత్తి చేస్తున్నది. ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా మార్చడమనే విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

ఈ బొగ్గు నేల మీదనే మరొక ఇంధనం నిశ్శబ్దంగా పెరుగుతున్నది. దారుల పక్కన, వాగుల ఒడ్డున, ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి తవ్విపోసిన మట్టిగుట్టల మీద పెంచిన తోటలలో కానుగ చెట్టు కనిపిస్తుంది. నిగనిగలాడే పచ్చని ఆకులు, చల్లని నీడ దాని గుర్తులు. చిక్కుడు జాతికి చెందిన ఈ వృక్షం వేళ్లలోని బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు అందిస్తుంది. చేదుగా ఉండడం వల్ల పశువులు దీనిని అంతగా ముట్టవు. వేసవి నాటికి కాయలు పండి రాలుతాయి. ఒక్కొక్క కాయలో సాధారణంగా ఒకటి, అరుదుగా రెండు గింజలుంటాయి. గింజ బరువులో దాదాపు మూడోవంతు నూనె ఉంటుంది. ఆ నూనె తినడానికి పనికిరాదు. పూర్వం దీపాలకు, చర్మవ్యాధులకు, తోళ్ల పదునుకు దీనిని వాడేవారు.

బొగ్గు కూడా ఒకనాటి వృక్షసంపదే. పాతిక కోట్ల సంవత్సరాలకు పూర్వం పెరిగిన వృక్షాలు భూమిలో పూడి, ఒత్తిడికి, వేడికి లోనై బొగ్గుగా మారాయి. అది ప్రాచీన కాలపు సూర్యరశ్మి. కానుగ గింజలోని నూనె ఈ ఏటి సూర్యరశ్మి. మొదటిదానిని తవ్వి తీస్తే మళ్లీ పుట్టదు. రెండవది ప్రతి సంవత్సరం పండుతుంది. అయితే కానుగ నూనెను నేరుగా యంత్రంలో పోసి నడపగలమా? లేనిచో దానిని ఏ విధంగా మార్చాలి? మారినదని ఏ విధంగా తెలుసుకోవాలి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమే ఈ పాఠం.

నూనె - యంత్రం

డీజిల్ యంత్రం మొదటినుంచీ భూగర్భ తైలానికే పరిమితమైనది కాదు. 1900లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ యంత్రాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఆఫ్రికాలోని వలస ప్రాంతాలలో వేరుశనగ విరివిగా పండుతుంది కనుక అక్కడి యంత్రాలకు అక్కడి నూనెనే వాడవచ్చునా అని ఫ్రెంచి ప్రభుత్వం తెలుసుకోదలచింది. ప్రయోగం సఫలమైంది. యంత్ర నిర్మాత రుడాల్ఫ్ డీజిల్ తరువాతి సంవత్సరాలలో ఈ విషయాన్ని ప్రస్తావించి, సస్య తైలాలకు ముందుకాలంలో ప్రాముఖ్యం రావచ్చునని అభిప్రాయపడ్డాడు.

కాని కొద్దిసేపు నడవడం వేరు, ఏళ్ల తరబడి నడవడం వేరు. నూనెకు, డీజిల్‌కు మధ్య ఉన్న ముఖ్యమైన భేదం స్నిగ్ధత. ద్రవం ప్రవహించేటప్పుడు లోలోపల కలిగే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. నీటికంటె ఆముదం మెల్లగా జారడానికి కారణం ఇదే. సస్య తైలాల స్నిగ్ధత డీజిల్ స్నిగ్ధతకు సుమారు పది రెట్లుంటుంది. డీజిల్ యంత్రంలో ఇంధనం సన్నని రంధ్రాల గుండా మంచు తుంపరవలె చిమ్మబడాలి. చిక్కని నూనె తుంపర కాక బొట్లుబొట్లుగా పడుతుంది. పూర్తిగా మండదు. మసి గట్టిపడి రంధ్రాలను మూసివేస్తుంది. మండని నూనె కిందికి జారి, యంత్రభాగాలకు కందెనగా వాడే నూనెలో కలిసి దానిని చెడగొడుతుంది. గనిలో రాత్రింబగళ్లు నడిచే డంపరు గాని, పొలంలో నీరు తోడే పంపు గాని ఇలా నిలిచిపోతే జరిగే నష్టం ఇంధనంలో మిగిలిన పైకానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

కాబట్టి యంత్రాన్ని నూనెకు తగినట్లు మార్చాలి, లేదా నూనెను యంత్రానికి తగినట్లు మార్చాలి. రెండవ మార్గమే సులభమని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. 1937లో బెల్జియం దేశంలో షవాన్ అనే శాస్త్రజ్ఞుడు తాటిజాతి పామాయిల్‌ను ఆల్కహాలుతో మార్చి ఇంధనంగా వాడే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆ మరుసటి సంవత్సరం అటువంటి ఇంధనంతో బ్రస్సెల్స్, లూవెన్ నగరాల మధ్య ఒక బస్సు నడిచింది.

నూనె నిర్మాణం

నూనె లోపల ఏమున్నదో తెలిస్తే గాని దానిని మార్చే ఉపాయం బోధపడదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1823లో ప్రకటించిన గ్రంథంలో కొవ్వుల రహస్యాన్ని వెల్లడించాడు. కొవ్వు గాని, నూనె గాని రెండు భాగాల కలయిక. ఒకటి గ్లిజరిన్. మరొకటి కొవ్వు ఆమ్లాలు. ఒక గ్లిజరిన్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తగులుకొని ఉంటాయి. మూడు పళ్లున్న దువ్వెనను ఊహించుకొంటే దువ్వెన వెన్ను గ్లిజరిన్, పళ్లు కొవ్వు ఆమ్లాలు. ఈ అణువునే ట్రైగ్లిజరైడ్ అంటారు. దువ్వెన పళ్ల పొడవు, వాటిలోని ద్విబంధాల సంఖ్యను బట్టి ఒక నూనె వేరొక నూనె నుంచి భిన్నమవుతుంది. కానుగ నూనెలో ప్రధానమైనది ఓలిక్ ఆమ్లం. ఆముదంలో సుమారు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. దానిలోని అదనపు హైడ్రాక్సిల్ సమూహమే ఆముదానికి చిక్కదనాన్ని ప్రసాదిస్తున్నది.

ఈ అణువును మానవుడు అనేక విధాల మార్చి వాడుకొంటున్నాడు. నూనెను క్షారంతో కాచితే దువ్వెన పళ్లు ఊడి సబ్బు తయారవుతుంది. నికెల్ సమక్షంలో హైడ్రోజన్‌ను పంపితే ద్విబంధాలు నిండి ద్రవనూనె గడ్డకట్టి వనస్పతి అవుతుంది. ఆముదాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపితే అద్దకపు పరిశ్రమకు పనికివచ్చే టర్కీ ఎరుపు నూనె లభిస్తుంది. ఆముదం నుంచి నీటిని తొలగిస్తే రంగులకు, వార్నిష్‌లకు తగిన ఎండే నూనె వస్తుంది. ఒకే నూనె, మార్పును బట్టి వేరు వేరు వస్తువులు.

తెలుగునాట ఈ విద్యకు చిరకాలంగా ఒక నెలవు ఉన్నది. 1944లో హైదరాబాద్ సంస్థానంలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనకు ఒక కేంద్ర ప్రయోగశాల నెలకొన్నది. 1956లో అది ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా రూపొందింది. బొగ్గు, నూనెలు రెండూ అక్కడ మొదటినుంచీ ముఖ్యమైన పరిశోధనాంశాలు.

మార్పు జరిగే తీరు

కానుగ నూనెను ఇంధనంగా మార్చే చర్యను ఎస్టర్ మార్పిడి అంటారు. నూనెలో గ్లిజరిన్ మూడు కొవ్వు ఆమ్లాలను పట్టుకొని ఉన్నది. మెథనాల్ అనే చిన్న ఆల్కహాలును చేర్చితే, ఒక్కొక్క మెథనాల్ అణువు ఒక్కొక్క కొవ్వు ఆమ్లాన్ని గ్లిజరిన్ నుంచి విడిపించి తాను దానితో బంధం ఏర్పరచుకొంటుంది. పెద్ద అణువు ఒకటి మూడు చిన్న అణువులవుతుంది. ఇవే మిథైల్ ఎస్టర్లు. వ్యవహారంలో వీటినే బయోడీజిల్ అంటున్నాము. అణువు చిన్నదైనందువల్ల స్నిగ్ధత తగ్గి డీజిల్‌కు సమీపిస్తుంది.

లెక్క కూడా చక్కగా సరిపోతుంది. నూనె యావత్తు ఓలిక్ ఆమ్లంతో ఏర్పడినదని అనుకొంటే, 885 కిలోల నూనెకు 96 కిలోల మెథనాల్ కావాలి. ఫలితంగా 889 కిలోల మిథైల్ ఎస్టర్, 92 కిలోల గ్లిజరిన్ లభిస్తాయి. ఇరువైపులా మొత్తం 981 కిలోలే. ఏదీ నశించలేదు. భాగస్వాములు మాత్రమే మారారు.

అయితే కాగితం మీది లెక్క పాత్రలో అంత సులభంగా జరగదు. ఈ చర్య ఇరువైపులకూ సాగుతుంది. ఎస్టర్, గ్లిజరిన్ తిరిగి కలిసి నూనె కాగలవు. చర్యను ముందుకు నెట్టడానికి అవసరమైనదానికి రెట్టింపు మెథనాల్ వాడతారు. మిగిలినదానిని స్వేదనం చేసి తిరిగి పొందుతారు. మెథనాల్, నూనె ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి ఆపకుండా కలియబెట్టాలి. మెథనాల్ సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది కనుక వేడిని 60 డిగ్రీల వద్ద నిలుపుతారు. నూనె బరువులో సుమారు ఒక శాతం సోడియం హైడ్రాక్సైడ్ గాని, పొటాషియం హైడ్రాక్సైడ్ గాని ఉత్ప్రేరకంగా చేర్చుతారు. గంట, గంటన్నర తరువాత నిలకడగా ఉంచితే బరువైన గ్లిజరిన్ అడుగుకు దిగి, ఎస్టర్ పైన తేలుతుంది. ఎస్టర్‌ను వేరుచేసి, గోరువెచ్చని నీటితో కడిగి, తడి ఆరుస్తారు.

మెథనాల్ విషపదార్థం. కొద్ది మోతాదు కడుపులోకి పోయినా చూపును, ప్రాణాన్ని హరిస్తుంది. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు. క్షారం చర్మాన్ని కాలుస్తుంది. అందువల్ల ఈ ప్రయోగాన్ని అధ్యాపకుల పర్యవేక్షణలో, తగిన రక్షణ సాధనాలతో, ప్రయోగశాలలో మాత్రమే చేయాలి. ఇంటిలో ఎన్నడూ ప్రయత్నించరాదు.

కంటికి కనిపించనిదాని కొలత

గ్లిజరిన్ అడుగున చేరగానే చర్య పూర్తయినదని భావించేవారు చాలామంది. ఇది పొరపాటు. చర్య మూడు మెట్లలో సాగుతుంది. ట్రైగ్లిజరైడ్ నుంచి ఒక కొవ్వు ఆమ్లం ఊడితే డైగ్లిజరైడ్, మరొకటి ఊడితే మోనోగ్లిజరైడ్, చివరిది కూడా ఊడితే గ్లిజరిన్. సగం దారిలో నిలిచిపోయిన అణువులు పైపొరలోనే కరిగి ఉంటాయి. చూడడానికి ఇంధనం తేటగానే కనిపిస్తుంది. యంత్రంలో పోసిన తరువాత అవే జల్లెడలను మూస్తాయి, రంధ్రాల వద్ద పేరుకుంటాయి.

కంటికి కనిపించని ముప్పును కొలిచి తెలుసుకోవాలన్న సంగతి గని కార్మికులకు వేరుగా చెప్పనక్కరలేదు. బొగ్గుపొరల నుంచి వెలువడే మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వతో పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షణ దీపం ఇనుప వలలో బంధించిన చిన్న మంట. మీథేన్ ఉన్నచోట ఆ మంటపైన లేత నీలిరంగు టోపీవంటి వెలుగు కనిపిస్తుంది. దాని ఎత్తును బట్టి వాయువు పాలును అంచనా కట్టేవారు. నేడు మీథేన్ మాపకాలు ఉన్నాయి. మీథేన్ 1.25 శాతం దాటితే ఆ చోట విద్యుత్తును నిలిపివేయాలన్నది గనుల నియమం. పేలుడు పరిమితికి ఎంతో దిగువనే హెచ్చరిక గీత గీయడం ఇందులోని వివేకం. పైకి ప్రశాంతంగా ఉన్నదని గనిని నమ్మనట్లే, పైకి తేటగా ఉన్నదని ఇంధనాన్ని నమ్మకూడదు.

కొలత చర్యకు ముందే ఆరంభం కావాలి. తడిసిన గింజలను, ఎక్కువ కాలం నిలవ ఉంచిన గింజలను గానుగ ఆడితే ఆ నూనెలో కొవ్వు ఆమ్లాలు కొన్ని ముందే విడివడి ఉంటాయి. వీటిని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు అంటారు. క్షారాన్ని చేర్చగానే అవి సబ్బుగా మారి, పాత్రంతా నురుగై, ఎస్టర్, గ్లిజరిన్ వేరుపడక మొత్తం సరుకు వృథా అవుతుంది. దీనిని ముందుగా పసిగట్టే సాధనం ఇంటర్మీడియట్ విద్యార్థులకు పరిచితమైన అంశమాపనమే.

రెండు గ్రాముల నూనెను ఆల్కహాలులో కరిగించి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ చేర్చి, బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీరంగు నిలిచినచోట ఆపాలి. 7 మిల్లీలీటర్లు ఖర్చయినదని అనుకొందాం. 56.1ని 7తోను, 0.1తోను గుణించి, నూనె బరువైన 2తో భాగిస్తే 19.6 వస్తుంది. ఇది ఆ నూనె ఆమ్ల విలువ. అందులో దాదాపు సగం, అంటే సుమారు పది శాతం, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు. రెండు శాతం మించితే క్షారంతో నేరుగా చర్య జరపడం నష్టదాయకం. అట్టి నూనెను ముందుగా మెథనాల్, కొద్దిపాటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాచి, విడివడిన ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చాలి. తిరిగి అంశమాపనం చేసి ఆమ్ల విలువ తగ్గినదని నిర్ధారించుకొన్న పిమ్మటనే క్షారాన్ని వాడాలి. ఐదు నిమిషాల పరీక్ష ఒక పీపా నూనెను కాపాడుతుంది.

చర్య సాగుతున్నప్పుడు నియమిత వ్యవధులలో కొద్దికొద్దిగా నమూనా తీసి పరీక్షిస్తారు. తీసిన నమూనాలో చర్య ఇంకా సాగుతూనే ఉంటుంది కాబట్టి కొన్ని చుక్కల ఆమ్లం చేర్చి క్షారాన్ని తటస్థం చేసి, దానిని అక్కడే ఆపాలి. అప్పుడే ఆ నమూనా ఆ నిమిషపు నిజాన్ని తెలుపుతుంది.

అన్నిటికంటె సులభమైన పరీక్షకు ఒక గాజుగొట్టం చాలు. కడిగి ఆరబెట్టిన నమూనా 3 మిల్లీలీటర్లను 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కలిపి, గది ఉష్ణోగ్రత వద్ద నిలకడగా ఉంచాలి. మిథైల్ ఎస్టర్ మెథనాల్‌లో కరుగుతుంది. మారని నూనె కరగక అడుగున బొట్టుగా నిలుస్తుంది. బొట్టు కనిపిస్తే చర్య పూర్తి కాలేదు. కాని బొట్టు కనిపించనంత మాత్రాన అంతా పూర్తయినదని చెప్పలేము. మోనోగ్లిజరైడ్లు, డైగ్లిజరైడ్లు కొంతవరకు కరిగి ఈ పరీక్ష కన్నుగప్పుతాయి. ఈ పరీక్ష తప్పును పట్టిస్తుంది గాని ఒప్పుకు పూచీ ఇవ్వదు.

దీనికంటె సూక్ష్మమైనది పలుచని పొర క్రొమటోగ్రఫీ. సిలికా పూసిన పలక అడుగున నూనె చుక్క, పక్కనే నమూనా చుక్క ఉంచి, హెక్సేన్, ఈథర్ మిశ్రమంలో నిలబెడతారు. ద్రావణి పైకి పాకుతూ పదార్థాలను వెంట తీసుకుపోతుంది. ఎస్టర్ అన్నిటికంటె పైకి, నూనె దానికి దిగువగా, డైగ్లిజరైడ్, మోనోగ్లిజరైడ్ ఇంకా కింద నిలుస్తాయి. పలకను అయోడిన్ ఆవిరిలో ఉంచితే గోధుమరంగు మచ్చలు బయటపడతాయి. పావుగంటకొక నమూనా వంతున వరుసగా చుక్కలు పెడితే నూనె మచ్చ క్రమంగా వెలిసిపోవడం, ఎస్టర్ మచ్చ చిక్కబడడం ఒకే పలక మీద కనిపిస్తుంది. చర్య తన కథను తానే రాసుకొన్నట్లుంటుంది.

ఎంత మారినదో అంకెలలో తెలియాలంటే పెద్ద పరికరాలు కావాలి. వాయు క్రొమటోగ్రఫీ ఒక్కొక్క ఎస్టర్‌ను విడదీసి తూకం చెబుతుంది. కేంద్రక అయస్కాంత అనునాద పద్ధతి హైడ్రోజన్ పరమాణువులను లెక్కిస్తుంది. కొవ్వు ఆమ్లంలో కార్బొనిల్ పక్కనున్న రెండు హైడ్రోజన్లు నూనెలోనూ, ఎస్టర్‌లోనూ ఉంటాయి. మెథనాల్ నుంచి వచ్చిన మూడు హైడ్రోజన్లు ఎస్టర్‌లో మాత్రమే ఉంటాయి. ఈ రెండు సంకేతాల నిష్పత్తి 3:2కు చేరితే చర్య సంపూర్ణమైనట్లు. భారతీయ ప్రమాణాల సంస్థ 2005లో ప్రకటించిన ఐ.ఎస్. 15607 ప్రమాణం ప్రకారం బయోడీజిల్‌లో ఎస్టర్ 96.5 శాతానికి తగ్గకూడదు. ఆమ్ల విలువ 0.50కి, మొత్తం గ్లిజరిన్ 0.25 శాతానికి మించకూడదు. నూరు పాళ్లలో తొంభై పాళ్లు మారినా అది ప్రమాణానికి చాలదన్నమాట.

పవర్‌గూడ పాఠం

కొలత విలువ ప్రయోగశాలకే పరిమితం కాదు. రామగుండానికి ఉత్తరాన గోదావరి దాటి, మంచిర్యాల మీదుగా ఆసిఫాబాదు అడవులవైపు సాగితే, జైనూరు మండలంలో పవర్‌గూడ అనే గోండుల గూడెం ఉన్నది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ఈ గూడెం మహిళలు సంఘంగా ఏర్పడి, కానుగ గింజలు సేకరించి, నూనెగానుగను నడిపారు. 2002లో నాలుగున్నర వేల కానుగ మొక్కలు నాటారు. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారికి తోడ్పడింది.

డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే, మండినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ చెట్టు గాలి నుంచి గ్రహించినదే. కాబట్టి కొత్తగా వాతావరణానికి చేరే భారం తగ్గుతుంది. పదేళ్ల కాలంలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్ స్థానాన్ని తీసుకొంటే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్క కట్టారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ తగ్గుదలకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మారకంలో అది రమారమి 30 వేల రూపాయలు. ఆ సొమ్ము పెద్దది కాకపోవచ్చు. కాని అడవి గూడెంలోని స్త్రీలు నాటిన చెట్టుకు, ఆడిన గానుగకు దేశాంతరంలోని సంస్థ వెల కట్టింది. ఆ వెల మాటలకు లభించినది కాదు. లెక్కకు లభించినది.

లెక్క లోపించినప్పుడు ఏమవుతుందో కూడా ఆ దశకమే చూపింది. 2003 నుంచి దేశమంతటా జట్రోఫా అనే అడవి ఆముదం సాగుకు విశేష ప్రోత్సాహం లభించింది. బీడుభూమిలో, నీరు లేకపోయినా విరగకాస్తుందని ప్రచారం సాగింది. ఆ నేలలో చెట్టుకు ఎన్ని గింజలు వస్తాయో, ఎన్నేళ్లకు వస్తాయో పొలంలో పరీక్షించక ముందే మొక్కలు నాటారు. నీరు, ఎరువు లేనిచోట ఆశించిన దిగుబడి రాలేదు. మొక్కలు నాటిన రైతులు అనేకులు వాటిని పీకివేశారు. 2009 నాటి జాతీయ విధానం 2017 కల్లా ఇరవై శాతం జీవ ఇంధనం కలపాలని సంకల్పించింది. గడువు నాటికి డీజిల్‌లో బయోడీజిల్ పాలు అత్యల్పంగానే నిలిచింది. 2018లో వచ్చిన విధానం 2030 నాటికి ఐదు శాతం బయోడీజిల్ అనే వినమ్రమైన లక్ష్యాన్ని ముందుంచింది. తప్పు చెట్టుది కాదు, రసాయన చర్యది కాదు. కొలవకముందే నమ్మడంలో ఉన్నది.

ఇంటి ముంగిటి నూనె

బయోడీజిల్‌కు గింజ నూనెలే అవసరం లేదు. గోదావరిఖని చౌరస్తాలో సాయంకాలం మిరపకాయ బజ్జీలు వేసే బండి దగ్గర, హోటళ్లలో, హాస్టళ్ల వంటశాలలలో కాగి కాగి నల్లబడిన నూనె కూడా ట్రైగ్లిజరైడే. అదే నూనెను మళ్లీ మళ్లీ కాచితే అందులో ధ్రువ పదార్థాలు పెరిగి ఆరోగ్యానికి హాని కలుగుతుంది. వీటి పాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమించింది. ఈ నియమం 2018 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమాన్ని ఆ సంవత్సరమే ఆగస్టులో ఆ సంస్థ చేపట్టింది. ఇక్కడ కూడా మొదటి మెట్టు అంశమాపనమే. కాగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, తడి ఎక్కువగా ఉంటాయి. అవి ఎంత ఉన్నాయో తెలియనిదే చర్య జరిపితే పాత్రలో మిగిలేది సబ్బు నురుగే.

ఈ ఇంధనాలు బొగ్గుకు బదులు నిలబడి విద్యుత్ కేంద్రాలను నడపగలవని భ్రమపడనక్కరలేదు. రామగుండంలో ఒక్కరోజు మండే బొగ్గుకు సమానమైన శక్తి ఎన్ని వేల కానుగచెట్లు కలిసి ఇవ్వాలో ఆలోచిస్తే వాటి హద్దు తెలుస్తుంది. కాని ఒక గూడెపు పిండిమర, ఒక పొలపు పంపు, ఒక కళాశాల బస్సు వీటితో నడవవచ్చు. వృథాగా మురుగుకాలువలో కలిసే నూనె ఉపయోగంలోకి రావచ్చు. గింజ ఏరే చేతులకు కొంత కూలి దక్కవచ్చు. వీటి స్థానం ఇంతటిదని తెలుసుకొని వాడుకోవడమే శాస్త్రీయ దృష్టి.

నూనెను మార్చడం సగం పని. మారినదని నిరూపించడం మిగతా సగం. గనిలోకి దిగే ముందు గాలిని పరీక్షించే కార్మికుడు ఆ నియమాన్ని ప్రాణంతో పాటిస్తున్నాడు. బ్యూరెట్ చెంత నిలిచి గులాబీరంగు కోసం ఎదురుచూసే విద్యార్థి అదే నియమాన్ని నేర్చుకొంటున్నాడు. ఒక చుక్క ఎక్కువైతే లెక్క తప్పుతుంది, ఒక చుక్క తక్కువైతే నిజం దాగుతుంది. ఆ చుక్క దగ్గర నిలకడగా ఆగడం నేర్చినవారి చేతిలో కానుగ గింజ ఇంధనమవుతుంది.

ప్రశ్నలు

1. కానుగ నూనెను నేరుగా డీజిల్ యంత్రంలో వాడితే కలిగే నష్టాలను వివరించండి.
2. ఎస్టర్ మార్పిడి చర్య జరిగే తీరును దువ్వెన ఉపమానం ఆధారంగా తెలపండి.
3. గ్లిజరిన్ అడుగున చేరినంత మాత్రాన చర్య పూర్తయినదని ఎందుకు చెప్పలేము?
4. పవర్‌గూడ అనుభవాన్ని, జట్రోఫా సాగు అనుభవాన్ని పోల్చి, వాటి నుంచి గ్రహించవలసిన నీతిని రాయండి.
5. గని కార్మికుని రక్షణ దీపానికి, విద్యార్థి అంశమాపనానికి గల పోలికను సొంతమాటలలో రాయండి.